ఊరు చూడ్డానికి వెళ్తే ఎక్కడ తినాలి, ఏం తాగాలి: రెండు మూడు రోజుల నగర యాత్రకు సమగ్ర మార్గదర్శి

మధ్యాహ్నం మూడుంబావు. మ్యూజియం నుంచి బయటపడి నలభై నిమిషాలు నడిచి, నెల రోజుల ముందే రాసిపెట్టుకున్న హోటల్ ముందుకి చేరాం. తలుపు తీసే ఉంది గానీ లోపల కుర్చీలన్నీ బల్లల మీద బోర్లించి ఉన్నాయి. నేల తుడుస్తున్న కుర్రాడు తలెత్తి, వంటిల్లు మళ్లీ రాత్రి ఏడింటికేనని చెప్పాడు. పక్కకి తిరిగి చూస్తే నాన్న మెట్టు మీద కూలబడి ఉన్నారు. నుదుటి నిండా చెమట, వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. ఆయనకి షుగరు. పొద్దున మాత్ర వేసుకుని బయల్దేరారు, ఆ తర్వాత కడుపులో పడింది ఏమీ లేదు. నా సంచిలో గొడుగుంది, కెమెరా ఉంది, ఊరి మ్యాపు ఉంది. తినడానికి బిస్కెట్టు ముక్క లేదు. ఎదురుగా చిన్న కొట్టులో తియ్యటి పళ్లరసం సీసా దొరికింది కాబట్టి ఆయన పావుగంటలో తేరుకున్నారు.

ఆ హోటల్ వాళ్ల తప్పేమీ లేదు. నేను పేరు తెలుసుకున్నాను, వేళలు తెలుసుకోలేదు. ఆకలేసే సమయానికి మేం ఊళ్లో ఏ మూల ఉంటామో ఆలోచించలేదు. ఆ రోజు నుంచి ఏ నగరానికి వెళ్లినా ప్లాను తలకిందులు చేసి వేస్తున్నాను. ముందు ఆకలి వేళలు, తర్వాత పేటలు, అన్నిటికన్నా ఆఖర్న హోటళ్ల పేర్లు. అదెలాగో వరసగా చెప్తాను. ఇక్కడ హోటల్ అన్నప్పుడల్లా తినే చోటు అనే అర్థం చేసుకోండి. రాత్రి పడుకునే చోటుని బస అంటాను.

మొదట పూటలు లెక్కపెట్టండి

కాగితం తీసుకోండి. శుక్రవారం సాయంత్రం దిగి ఆదివారం సాయంత్రం తిరుగు ప్రయాణం అనుకుందాం. శుక్రవారం రాత్రి ఒకటి, శనివారం మూడు, ఆదివారం ఉదయం, మధ్యాహ్నం రెండు. మొత్తం ఆరు పూటలు. బసలో పొద్దుటి తిండి ఇస్తారంటే రెండు పోయాయి, నాలుగు మిగిలాయి. శుక్రవారం రైలు ఆలస్యమై రాత్రి పదింటికి దిగితే ఆ పూటకి ఏది తెరిచి ఉంటే అదే గతి. అంటే నిజంగా మన చేతిలో ఉన్నవి మూడు పూటలు.

ఈ లెక్క వేసేదాకా అందరి దగ్గరా పాతిక పేర్ల జాబితా ఉంటుంది. మూడు పూటలకి పాతిక హోటళ్లేమిటి? ఆ జాబితా పట్టుకుని తిరిగితే తిన్న ప్రతిచోటా తినని చోటు గుర్తొచ్చి బాధే మిగులుతుంది. సంఖ్య కళ్లముందు ఉంటే ఎంచుకోవడం తేలికవుతుంది.

బసలో ఇచ్చే పొద్దుటి తిండి గురించి నా అభిప్రాయం: పిల్లలో పెద్దవాళ్లో వెంట ఉంటే తీసుకోండి. లేచిన అరగంటలో తిండి ఎదురుగా ఉండటం వాళ్లకి అవసరం. మీరిద్దరే వెళ్తుంటే వద్దనుకోండి. ఏ ఊరైనా అసలు ముఖం చూపించేది పొద్దున్నే. పనికెళ్లేవాళ్లు నిలబడి గబగబా తినే చోటుకి వెళ్తే తాజా తిండి, తక్కువ ఖర్చు, ఊరి మాటలు, మూడూ దొరుకుతాయి.

ఆకలి వేళకి మీ కాళ్లు ఎక్కడుంటాయి?

ప్లాను మొత్తానికి ప్రాణం ఈ మెట్టే, అందుకే దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

చూడాల్సిన చోట్లని ముందు మ్యాపులో గుర్తుపెట్టండి. గూగుల్ మ్యాప్స్‌లో ఒక జాబితా తెరిచి ఒక్కొక్కటీ సేవ్ చేసుకుంటే, అవి ఊరి మీద గుంపులు గుంపులుగా పడటం కనిపిస్తుంది. కోట, దాని పక్కన పాత బజారు ఒక గుంపు. నది ఒడ్డు, పార్కు ఒక గుంపు. పూటకో గుంపు చొప్పున రోజుల్ని పంచండి. ఇప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి: శనివారం పన్నెండున్నరకి నేను ఏ గుంపులో ఉంటాను? ఆ గుంపు నడిబొడ్డు నుంచి పది పదిహేను నిమిషాల నడకలో ఉన్న హోటళ్లే ఆ మధ్యాహ్నానికి పోటీలో ఉన్నట్టు. మిగతావి ఎంత గొప్పవైనా ఆ పూటకి లేనట్టే.

పదిహేను నిమిషాల నడక అంటే మామూలు వేగంతో కిలోమీటరు పైచిలుకు. కానీ మ్యాపు చెప్పే సమయం ఖాళీ రోడ్డు మీద చురుగ్గా నడిచేవాళ్లది. రెండు గంటలు మ్యూజియంలో నిలబడి కాళ్లు పీకుతున్నవాళ్లకీ, చంటిపిల్లని ఎత్తుకున్నవాళ్లకీ అందులో సగం ఎక్కువే పడుతుంది. ఎండనీ, వంతెన మెట్లనీ, రోడ్డు దాటడానికి ఆగే సిగ్నళ్లనీ మీరే కలుపుకోవాలి.

ఇంకో సంగతి. ఆకలి వేళ అంటే బల్ల దగ్గర కూర్చునే వేళ కాదు, నోట్లో ముద్ద పడే వేళ. చోటు దొరకడానికి పది నిమిషాలు, చెప్పింది రావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఒంటిగంటకి తినాలంటే పన్నెండుంబావుకే మ్యూజియం గుమ్మం దాటాలి. ఇది నోటితో అనుకుంటే సరిపోదు, కాగితం మీద రాయండి. ఎందుకంటే లోపల ఇంకో గది మిగిలిందంటే ఎవరికీ బయటికి రాబుద్ధి కాదు.

పేర్లని మూడు రకాలుగా విడదీయండి

ఫ్రాన్సులో టైర్లు తయారుచేసే మిషెలిన్ సోదరులు 1900లో వాహనదారుల కోసం ఒక చిన్న గైడు అచ్చువేసి ఉచితంగా పంచారు. జనం కార్లు వేసుకుని తిరిగితేనే టైర్లు అరిగేది, కొత్తవి అమ్ముడయ్యేది. ఆ గైడులో 1926లో హోటళ్లకి స్టార్లు వచ్చాయి, 1931 నుంచి ఒకటి, రెండు, మూడు అంటూ మెట్లు వచ్చాయి. ఆ మెట్ల అర్థం చూస్తే అది పుట్టింది ప్రయాణికుల కోసమేనని తెలిసిపోతుంది. ఒక స్టారుంటే దారిలో ఆగదగ్గది. రెండుంటే దారి తప్పి కాస్త చుట్టు తిరిగైనా వెళ్లదగ్గది. మూడుంటే దాని కోసమే ప్రయాణం కట్టదగ్గది.

ఖరీదైన హోటళ్ల సంగతి పక్కన పెట్టి ఈ కొలతని మాత్రం మన జాబితాకి అరువు తెచ్చుకుందాం. మీరు రాసుకున్న ప్రతి పేరు పక్కనా ‘ఆగొచ్చు’, ‘చుట్టు తిరగొచ్చు’, ‘దీనికోసమే’ అని మూడింట్లో ఒకటి రాయండి. నిజాయితీగా రాస్తే మూడోరకం ఒకటికి మించదు. ఆ ఒక్కదాని చుట్టూ ఒక రోజుని అల్లండి. ఆ పేటలో చూసేదేదో ఆ పూటకే పెట్టుకోండి, దానికి ముందు పూట తేలిగ్గా తినండి. రెండోరకం ఒకటి రెండు ఉండనివ్వండి. మిగతావన్నీ మొదటిరకం. ఒక్కో గుంపుకి మూడేసి చొప్పున మ్యాపులో పడి ఉంటే చాలు. అటు వెళ్లినప్పుడు ఆకలేస్తే ఉన్నాయి, లేదంటే లేదు.

రోజుకి ఒక్క పూటకే ముడి వేయండి, మిగతా పూటలు వదులుగా ఉంచండి. అన్ని పూటలకీ సమయాలు ఖాయం చేసుకున్నవాళ్లు ఊరంతా గడియారం చూసుకుంటూ పరిగెత్తడం నేను చూశాను. ఏ పూటకీ ముడి వేయనివాళ్లు రాత్రి తొమ్మిదింటికి వీధి మధ్యలో నిలబడి ఒకరి మీద ఒకరు విసుక్కోవడమూ చూశాను.

రివ్యూలు చదివే పద్ధతి

మొత్తం మార్కు చూసి మోసపోవద్దు. పన్నెండు మంది ఇచ్చిన 5 కన్నా రెండువేల మంది ఇచ్చిన 4.3ని నేను ఎక్కువ నమ్ముతాను. పన్నెండు మంది చుట్టాలు అయ్యుండొచ్చు, రెండువేల మంది కాలేరు.

వరసని ‘కొత్తవి ముందు’ అని మార్చి గత మూడు నెలలవి చదవండి. వంటమనిషి మారితే పాత పొగడ్తలకి విలువ లేదు. 5 ఇచ్చినవాళ్లు పొగుడుతారు, 1 ఇచ్చినవాళ్లు ఆ రోజు కోపమంతా కక్కుతారు. అసలు సమాచారం మూడేసి ఇచ్చినవాళ్ల దగ్గర ఉంటుంది. “రుచి బాగుంది, కానీ గంటసేపు నిలబడ్డాం”, “కింద చోటు లేదు, పైకి నిటారు మెట్లు” లాంటివి. మోకాళ్ల నొప్పులున్న అమ్మని తీసుకెళ్లేవాళ్లకి ఆ రెండో మాట ఏ మార్కు కన్నా విలువైంది.

తర్వాత ఫొటోలు. హోటల్ వాళ్లు పెట్టినవి వదిలేసి, తినడానికి వచ్చినవాళ్లు తీసినవి చూడండి. పళ్లెంలో ఎంత వస్తుందో, పక్క బల్లకీ మీ బల్లకీ మధ్య ఎంత దూరమో, అక్కడ కూర్చున్నవాళ్లు ఎవరో అన్నీ కనిపిస్తాయి. మెనూ ఫొటో ఉంటే తేదీ చూసి ధరలు చదవండి, పాతదైతే కాస్త కలుపుకోండి. అదే పేజీలో ఏ గంటకి ఎంత రద్దీయో చూపించే పట్టీ ఉంటుంది. దాన్నిబట్టి రద్దీకి ముప్పావుగంట ముందు చేరేలా చూసుకుంటే నిలబడే పని చాలావరకు తప్పుతుంది.

వేళలు, బుకింగ్

మా నాన్న సంగతి చెప్పాను కదా. అందుకే ఈ నాలుగూ ప్రతి పేరు పక్కనా రాసుకోండి: వారపు సెలవు ఏ రోజు, మధ్యాహ్నం వంటిల్లు ఎప్పుడు మూస్తారు, రాత్రి ఎప్పుడు తెరుస్తారు, ఆఖరి ఆర్డరు ఎన్నింటికి. మూసేది పదకొండింటికని రాసి ఉన్నా, ఆర్డరు అరగంట, గంట ముందే ఆపేస్తారు. వారాంతం రద్దీ అయ్యాక సోమవారం సెలవు పెట్టుకునే హోటళ్లు చాలా నగరాల్లో ఉంటాయి. పండగ రోజుల్లో ఆన్‌లైన్ వేళల్ని అసలు నమ్మొద్దు. ముందురోజు ఒక ఫోను కొట్టండి.

‘దీనికోసమే’ అనుకున్న చోటికి మాత్రం తేదీ ఖాయం కాగానే బల్ల బుక్ చేయండి. దొరక్కపోతే నిరాశపడొద్దు. రాత్రి నిండిపోయినా మధ్యాహ్నం దొరకొచ్చు, అదే వంటగది మధ్యాహ్నం తక్కువ ధరకి భోజనం పెట్టడం కూడా మామూలే. తెరిచిన మొదటి పది నిమిషాల్లో వెళ్లండి. ఇద్దరే అయితే వంటింటి ఎదుట కౌంటరు సీట్లు అడగండి. ఎవరో ఒకరు రద్దు చేసుకుంటారు కాబట్టి ముందురోజు సాయంత్రం మరోసారి ఫోన్ చేయండి. మీరు వెళ్లలేకపోతే మీరూ చెప్పండి. చెప్పకుండా మానేస్తే కొన్నిచోట్ల కార్డు మీద జరిమానా పడుతుంది. అది పడకపోయినా, మీకోసం ఖాళీగా ఉంచిన ఆ బల్ల వల్ల ఆ చిన్న హోటల్‌కి ఆ రాత్రి నష్టమే.

వెంట వచ్చేవాళ్లని బట్టి

నలుగురు కలిసి వెళ్తే ప్లాను నడవాల్సింది అందరికన్నా ముందు ఆకలేసేవాళ్ల గడియారం ప్రకారం. పిల్లలకి పన్నెండింటికే ఆకలేస్తే మీ ఒంటిగంటన్నర భోజనం కుదరదు.

షుగరుకి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లుంటే చేతిసంచిలో తీపి ఉండి తీరాలి. రక్తంలో చక్కెర 70 (డెసిలీటరుకి మిల్లీగ్రాముల్లో) కంటే కిందికి పడిపోయినప్పుడు వైద్యులు చెప్పే పద్ధతి తేలికైనదే. 15 గ్రాముల చక్కెర ఇవ్వాలి, 15 నిమిషాలు ఆగి మళ్లీ పరీక్షించాలి, ఇంకా తక్కువే ఉంటే ఇంకోసారి ఇవ్వాలి. పెద్ద చెంచాడు పంచదార, లేదంటే అరకప్పు పళ్లరసం దాదాపు ఆ లెక్కకి వస్తుంది. తేరుకున్నాక వెంటనే భోజనం పెట్టాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నా సంచి పక్క జేబులో ఇప్పుడు ఎప్పుడూ గ్లూకోజు పొట్లం ఒకటి ఉంటుంది, నాన్న రాని ప్రయాణాల్లో కూడా.

ఏదైనా పడనివాళ్లూ, మాంసం గుడ్డు ముట్టనివాళ్లూ ఉంటే నోటిమాట మీద ఆధారపడొద్దు. వెళ్లే చోటి భాషలో ఒక చిన్న చీటీ రాయించుకోండి: “నాకు వేరుశనగ పడదు. నూనెలో, పొడిలో, పైన చల్లినదాంట్లో ఉన్నా ప్రమాదం. ఇందులో ఉందా?” అంత వివరంగా ఉండాలి. ‘పడదు’ అని మాత్రమే చెప్తే ‘ఇష్టం లేదు’ అనుకుని పైనున్న పలుకులు ఏరేసి ఇచ్చేస్తారు. ఐరోపా యూనియన్ దేశాల్లో 14 రకాల అలర్జీ పదార్థాల సమాచారం హోటళ్లు ఇవ్వాలని నిబంధన ఉంది. అలాంటి చోట అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

అందరికీ అన్నిపూటలా ఒకే చోట కుదరదు. ఒక పూటకి విడిపోయి, ఎవరికి కావాల్సింది వాళ్లు తిని, ఒక చోట కలుసుకోండి. అలా కలిసినప్పుడు ఎవరు ఏం తిన్నారో చెప్పుకోవడంలో ఉన్న సరదా వేరు.

తాగేవి

ముందు నీళ్లు. మనిషికో సీసా, ఎక్కడ నింపుకోవచ్చో పొద్దున బసలోనే అడగండి. కుళాయి నీళ్లు తాగొచ్చో లేదో తెలియని ఊళ్లో సీలు ఉన్న సీసాయే కొనండి, మూత తిప్పేటప్పుడు పట్టు విడిన శబ్దం వినిపించాలి. నీళ్లు అనుమానమైతే ఐసూ అనుమానమే.

కాఫీ, టీ కోసం ఆగే చోటుని నేను రుచి కోసం మాత్రమే ఎంచను. మధ్యాహ్నం నాలుగింటికి కావాల్సింది కుర్చీ, నీడ, శుభ్రమైన బాత్రూం. ఆడవాళ్లకీ పెద్దవాళ్లకీ రోజంతా సాఫీగా గడవడం ఈ మూడోదాని మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి, గుంపుకొకటి చొప్పున అలాంటి చోటు మ్యాపులో గుర్తుపెట్టుకోండి. కెఫీన్ సగం తగ్గడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగిన స్ట్రాంగ్ కాఫీలో సగం రాత్రి పదకొండింటికీ ఒంట్లోనే ఉంటుంది. కొత్త చోట నిద్ర ఎలాగూ సరిగ్గా పట్టదు, దానికి ఇది తోడవుతుంది.

మందు తాగేవాళ్లు ఉంటే, బారుని బస నుంచి నడిచి చేరేంత దూరంలోనే ఎంచుకోండి, లేదంటే ఆఖరి మెట్రో వేళ రాసుకోండి. ఒంట్లోంచి ఒక మోతాదు దిగడానికి దాదాపు గంట పడుతుంది. కాఫీ తాగినా, చన్నీళ్లు పోసుకున్నా అది త్వరపడదు. తాగే వయసు, అమ్మే వేళలు, అసలు అమ్మని రోజులు ఊరిని బట్టి మారతాయి కాబట్టి ముందే చూసుకోండి. ఖాళీ కడుపుతో మొదలుపెట్టొద్దు, మధ్యమధ్యలో గ్లాసు నీళ్లు తాగండి.

డబ్బు సంగతి

పూటల కాగితం మీదే ఒక్కో పూటకీ మనిషికి ఇంత అని రాసి కూడండి. ‘దీనికోసమే’ అన్న పూటకి ఎక్కువ వేసి, తేలిక పూటల్లో తగ్గించండి. మెనూ అడుగున చిన్న అక్షరాల్లో పన్ను వేరే అనో, సర్వీసు ఛార్జీ కలుస్తుందనో రాసి ఉంటే అది చదివాకే లెక్క వేయండి. పరాయి దేశంలో కార్డు గీసినప్పుడు మిషను “మీ దేశపు కరెన్సీలో చెల్లిస్తారా?” అని అడిగితే వద్దని, అక్కడి కరెన్సీనే నొక్కండి. మొదటిదాంట్లో మారకం రేటు సాధారణంగా మనకి నష్టంగా ఉంటుంది. చిన్న కొట్లకోసం కొంత చిల్లర ఉంచుకోండి.

అక్కడికి చేరాక

ఊరి మ్యాపుని ఫోన్లో ఆఫ్‌లైన్‌కి దించుకుని వెళ్లండి, ఆకలి వేళకే సిగ్నలు పోతుంటుంది.

స్థానికుల్ని అడిగే ప్రశ్న మార్చండి. “ఇక్కడ మంచి హోటల్ ఏది?” అంటే టూరిస్టులకి చెప్పే పేరే చెప్తారు. “మధ్యాహ్నం మీరెక్కడ తింటారు?” అని అడగండి. టికెట్ కౌంటర్ దగ్గర మనిషి, బట్టల కొట్లో అమ్మాయి, మ్యూజియం కాపలాదారు, ఇలా రోజూ అదే పేటలో పనిచేసేవాళ్లని అడిగితే జవాబు వెంటనే వస్తుంది, దాంతోపాటు ఏం తినాలో కూడా చెప్తారు.

అడిగేవాళ్లు దొరకనప్పుడు గుమ్మం దగ్గర ఒక నిమిషం నిలబడి చూడండి. జనం వస్తూ పోతూ ఉన్నారా? వండింది వేడివేడిగా దిగుతోందా, ఎప్పటిదో పళ్లాల్లో ఆరిపోయి ఉందా? ఆహార భద్రతకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే సూత్రాల్లో రెండు ఇక్కడ పనికొస్తాయి. వండిన తిండి గది వేడిలో 2 గంటలకి మించి ఉండకూడదు, వడ్డించేదాకా 60 డిగ్రీల పైన వేడిగా ఉండాలి. మన దగ్గర థర్మామీటరు ఉండదు గానీ, 60 డిగ్రీలంటే పొగలు కక్కుతూ, నోట్లో పెట్టుకునే ముందు ఊదుకోవాల్సినంత వేడి. డబ్బు తీసుకున్న చేతితోనే తిండి తీస్తున్నాడా అన్నది కూడా చూడండి. పచ్చివి, కోసి పెట్టిన పండ్లు మొదటిరోజు వద్దు. తొక్క మీరే ఒలుచుకునే పండు ఎప్పుడైనా మంచిదే.

కొత్త రుచులు వరసగా మూడు పూటలు తింటే కడుపు మొరాయిస్తుంది. రోజుకో పూట అలవాటైన తేలిక తిండికి వదిలేయండి. ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండు సంచిలో పడేసుకోండి.

ఆఖరి పూట

తిరుగు ప్రయాణం రోజు భోజనం స్టేషను వైపో, విమానాశ్రయానికి వెళ్లే దారిలోనో పెట్టుకోండి. ఊరి అవతల మూల ఎంత మంచిదున్నా వద్దు. సామాను బసలోనే ఉంచమంటే చాలాచోట్ల సాయంత్రం దాకా ఉంచుతారు. పెట్టెలతో ఇరుకు హోటల్లోకి దూరే అవస్థ తప్పుతుంది. బండెక్కడానికి రెండు మూడు గంటల ముందే తినేయండి, బరువైనవీ కారంగా ఉండేవీ వద్దు. ఇంటికి తినేవి ఏమైనా కొనుక్కెళ్తుంటే పొద్దున్నే కొనండి, ప్యాకింగు గట్టిగా చేయించండి. విమానంలో చేతిసంచిలో 100 మిల్లీలీటర్లకి మించిన ద్రవాలు చాలాచోట్ల రానివ్వరు కాబట్టి జారుడుగా ఉండేవన్నీ పెద్ద పెట్టెలోకి వెళ్లాలి. బస వదిలే ముందు సీసాలు నింపుకుని, సంచి పక్క జేబులో గ్లూకోజు పొట్లం ఇంకా ఉందో లేదో ఒకసారి తడిమి చూసుకోండి.